బుక్‌ప్లేట్: లోపలి అట్ట మీద యజమాని జాడ

పుస్తకం ముందు అట్టకు లోపలి వైపున, ఇది ఫలానా వారిదని తెలిపేందుకు అతికించే అచ్చు చీటీని బుక్‌ప్లేట్ అంటారు. ఐరోపాలో దీనికి ఎక్స్‌లిబ్రిస్ అనే పేరే ఎక్కువ వాడుక. లాటిన్‌లో ఆ మాటకు ‘పుస్తకాలలో నుంచి’ అని అర్థం. పక్కన పేరు చేరితే ‘ఫలానా వారి పుస్తకాల్లో ఒకటి’ అవుతుంది. తపాలా బిళ్ళకు కాస్త పెద్దగా ఉండే చీటీలూ ఉన్నాయి, పేజీ అంతా ఆక్రమించేవీ ఉన్నాయి. కొన్నింటిలో ఉత్త పేరే ఉంటుంది. ఎక్కువ వాటిలో బొమ్మ ఉంటుంది: వంశచిహ్నమో, జంతువో, పుస్తకాల గదో, ఇష్టదైవమో. ఒక సూక్తీ ఉండవచ్చు.

పేరు రాసుకోవడానికి కలం చాలు. అది చాలదనుకుని ఒక చిత్రకారుణ్ణి పిలిపించి, చెక్క మీదో రాగిరేకు మీదో చెక్కించి, వందల ప్రతులు అచ్చు వేయించి, ఒక్కో పుస్తకంలో ఓపికగా అంటించుకున్న మనిషి తన గురించి ఏదో చెప్పదలచుకున్నాడన్నమాటే. ఏ బొమ్మ ఉండాలి, ఏ మాట ఉండాలి, ఏ బిరుదు ముందుకు రావాలి అన్నది అతని నిర్ణయం. అందుకే పుస్తక చరిత్రకారులు బుక్‌ప్లేట్‌ను యజమాని తనకు తాను గీయించుకున్న చిత్తరువుగా చూస్తారు. చిత్తరువు ఎప్పుడూ కొంచెం అందంగానే ఉంటుంది కనుక దాన్ని అలాగే నమ్మకూడదు. కాగితం అంచులు, జిగురు మరకలు, చెరిపి మళ్లీ చెక్కిన అక్షరాలు, పక్కన చేరిన ఇంకొకరి చీటీ యజమాని చెప్పని సంగతులు చెబుతాయి. వాటినీ కలిపి చదివితేనే మనిషి కనిపిస్తాడు.

అచ్చుకు ముందు

పుస్తకం నాది అని చెప్పుకునే కోరిక అచ్చుయంత్రం కంటే చాలా పాతది. బ్రిటిష్ మ్యూజియంలో నీలి మెరుగు పూసిన చిన్న పలక ఒకటుంది, పొడవు సుమారు 6 సెంటీమీటర్లు. క్రీస్తుపూర్వం 14వ శతాబ్దంలో ఈజిప్టును ఏలిన మూడవ అమెన్‌హోటెప్ పేరు, అతని రాణి తియె పేరు, చెట్టు పేరు మీద ఉన్న ఒక గ్రంథం పేరు దాని మీద కనిపిస్తాయి. పపైరస్ చుట్టలు దాచిన పెట్టెకు దాన్ని తగిలించి ఉంటారని పండితుల ఊహ. క్రీస్తుపూర్వం 7వ శతాబ్దంలో నినెవే నగరంలో అస్సీరియా రాజు అషూర్‌బనిపాల్ కూడబెట్టిన మట్టిపలకల చివర ఆ పలక ఎవరిదో రాసి ఉంటుంది. కొన్నింటి మీద, దాన్ని ఎత్తుకుపోయి తన పేరు రాసుకున్నవాణ్ణి దేవతలు నాశనం చేయాలన్న శాపం కూడా ఉంది.

మధ్యయుగపు ఐరోపా మఠాల్లో ఈ శాపాలు మామూలే. చేతిరాత గ్రంథం ఖరీదైన వస్తువు కనుక కొన్నింటిని గొలుసులతో బల్లకు కట్టేసేవారు. బార్సిలోనాలోని ఒక మఠం గ్రంథాలయానిదంటూ బాగా చలామణీలో ఉన్న భయంకరమైన శాపం మాత్రం పాతది కాదు. ఎడ్మండ్ పియర్సన్ అనే అమెరికన్ 1909లో కల్పించిన రచనలోది అది. నేటికీ చాలామంది అది నిజమైన మఠశాసనమనుకుని తమ పుస్తకాల్లో అంటించుకుంటున్నారు.

చైనా దారి వేరు. అక్కడ కాగితం అంటించడానికి బదులు ఎర్ర సిరాతో ముద్ర వేస్తారు. ఒక పుస్తకం చేతులు మారినకొద్దీ మొదటి పుట మీద ముద్రలు పేరుకుంటూ పోతాయి. పాత ముద్రలను చెరపకపోవడం అక్కడి సంప్రదాయం. ఎంతటి పండితుడి ముద్ర ఉంటే పుస్తకానికి అంత విలువ. అటువంటి పుటను చూస్తే ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో వంశవృక్షంలా చదువుకోవచ్చు. పుస్తకాన్ని అమ్మేవాడు, అప్పిచ్చేవాడు తమ వంశానికి ద్రోహం చేసినవాడని రాసుకున్న యజమానులూ అక్కడ ఉన్నారు.

జర్మనీలో పుట్టుక

అచ్చయిన బుక్‌ప్లేట్లు 15వ శతాబ్దపు జర్మన్ ప్రాంతాల్లో మొదలయ్యాయి. పుస్తకాలు అచ్చులో వచ్చిన కొద్ది కాలానికే చీటీలూ వచ్చాయి. చేత్తో రాసిన గ్రంథం లోకంలో ఒక్కటే ఉంటుంది, అది ఎవరిదో ఊరందరికీ తెలుస్తుంది. అచ్చు పుస్తకానికి మాత్రం వందల కవల సోదరులుంటారు. నా ప్రతిని ఇంకొకరి ప్రతి నుంచి వేరు చేసే గుర్తు అప్పుడే అవసరమైంది.

మనకు దొరికిన తొలి చీటీల్లో ఒకటి యోహానెస్ క్నాబెన్స్‌బెర్గ్ అనే మతగురువుది. జనం ఆయన్ను ఇగ్లర్ అని పిలిచేవారు. జర్మన్‌లో ఇగెల్ అంటే ముళ్లపంది. చీటీ మీద నోట పువ్వు కరచుకున్న ముళ్లపంది ఉంది, ముళ్లపంది నిన్ను ముద్దాడుగాక అనే అర్థంలో పైన ఒక మాట ఉంది. పుస్తకం పుచ్చుకుని తిరిగివ్వని వారికి అది ముద్దో ముల్లో వారే తేల్చుకోవాలి. 500 ఏళ్లకు పైబడిన ఆ కాగితంలో ఆయన సరదా ఇంకా ఆరలేదు.

అదే కాలానికి చెందిన హిల్డెబ్రాండ్ బ్రాండెన్‌బర్గ్ చీటీలో ఒక దేవదూత డాలు పట్టుకుని నిలబడి ఉంటాడు. డాలు మీద ఎద్దు. చెక్క అచ్చుతో వేసి, పైన చేత్తో రంగులు పూశారు. తేదీ సుమారు 1480. ఆయన తన పుస్తకాలను బుక్స్‌హైమ్‌లోని కార్థూసియన్ మఠానికి ఇచ్చేశాడు. అంటే ఇది తన దగ్గరే ఉంచుకోవడానికి కాదు, ఇచ్చినవాణ్ణి మరవకుండా ఉండేందుకు వేసిన గుర్తు. మఠం గ్రంథాలయం 1883లో వేలానికి వచ్చి దేశదేశాలకూ చెదిరిపోయింది. ఆ పుస్తకాలను పరిశోధకులు ఇవాళ ఒక్కొక్కటిగా గుర్తుపట్టగలుగుతున్నారంటే ఆ దేవదూత చలవ కొంత ఉంది.

వీటన్నిటికంటే ఎక్కువ సేపు చూడవలసింది ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ తన మిత్రుడు విలిబాల్డ్ పిర్క్‌హైమర్‌కు వేసిచ్చిన చీటీ. పిర్క్‌హైమర్ (1470–1530) న్యూరెంబర్గ్ నగరసభ సభ్యుడు, గ్రీకు గ్రంథాలను లాటిన్‌లోకి తెచ్చిన పండితుడు, డబ్బున్నవాడు. చిత్రంలో రెండు డాళ్లున్నాయి. ఒకదాని మీద బిర్చ్ చెట్టు. జర్మన్‌లో దాన్ని బిర్కె అంటారు, ఇంటిపేరు మీద ఆడిన మాట అది. రెండో డాలు మీద మత్స్యకన్య, అది అతని భార్య క్రెసెంటియా రీటర్ పుట్టింటి చిహ్నం. ఆమె 1504లో చనిపోయింది. అందుకే చిత్రం అంతకు ముందుదని పరిశోధకులు లెక్కగట్టగలిగారు. చీటీ తేదీ చెప్పలేదు, భార్య డాలు చెప్పింది.

పై భాగంలో దైవభీతే జ్ఞానానికి మొదలు అనే బైబిల్ మాట హీబ్రూ, గ్రీకు, లాటిన్ మూడింటిలోనూ ఉంది. ఆ కాలంలో మూడు భాషలూ చదవగలవారు బహు కొద్దిమంది. పుస్తకం తెరచినవాడికి ఈ ఇంటివాడు ఎలాంటివాడో ఆ మూడు పంక్తులతోనే తెలియాలి. ఇంత గొప్ప చెప్పుకున్నవాడే మరో చోట రెండే మాటలు చేర్చాడు: తనకూ, తన మిత్రులకూ. సిబి ఎత్ అమికిస్ అని లాటిన్. ఇటాలియన్ పండితుల నుంచి వచ్చిన వాడుక అది. ఫ్రాన్స్‌కు చెందిన పుస్తకప్రియుడు జాన్ గ్రోలియే కూడా తన పుస్తకాల తోలు అట్టల మీద, ఇవి గ్రోలియేవి, అతని మిత్రులవి అని బంగారు అక్షరాల్లో కొట్టించుకున్నాడు. నాది అని చెప్పేందుకే పుట్టిన చీటీ మీద, మనవి అనే మాట అంత తొందరగా చేరడం ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి.

పిర్క్‌హైమర్ పుస్తకాలకు అతను ఊహించని మిత్రులు దొరికారు. 1636లో ఇంగ్లండ్‌కు చెందిన అరండెల్ ప్రభువు థామస్ హోవర్డ్ న్యూరెంబర్గ్‌లో వాటిని కొన్నాడు. అతని మనవడు హెన్రీ హోవర్డ్ 1667లో లండన్ రాయల్ సొసైటీకి ఇచ్చేశాడు. సొసైటీ వాటి మీద దాత పేరుతో తన ముద్ర వేసుకుంది. తరవాత చాలా భాగం అమ్ముడుపోయింది. డ్యూరర్ చీటీ, రాయల్ సొసైటీ ముద్ర రెండూ ఉన్న పుస్తకం చేతికొస్తే న్యూరెంబర్గ్ నుంచి లండన్ దాకా దాని ప్రయాణమంతా రెండు పుటల్లో దొరికినట్టే.

ఇంగ్లండ్: డాలు ఎలా చదవాలి

ఇంగ్లండ్‌లో తేదీ వేసిన తొలి చీటీల్లో పేరున్నది సర్ నికొలస్ బేకన్‌ది, 1574. తత్త్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ తండ్రి ఆయన. అది కూడా దానపు చీటీయే, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇచ్చిన పుస్తకాల్లో అంటించింది. 17వ శతాబ్దం చివరికి వచ్చేసరికి వంశచిహ్నం ఉన్న రాగిరేకు చీటీ కులీనుల ఇళ్లలో మామూలు వస్తువైపోయింది.

వంశచిహ్నం అనగానే అలంకారమనుకుని దాటేస్తాం గాని, చదవడం వస్తే అదొక పత్రం. డాలును నిలువునా రెండుగా చీల్చి ఉంటే ఒక సగం భర్తది, రెండో సగం భార్య పుట్టింటిది. పెళ్లికాని స్త్రీ, వితంతువు డాలు వాడరు. వారి చిహ్నాన్ని వజ్రాకారపు గడిలో చూపిస్తారు, డాలు యుద్ధానికి వెళ్లేవాడిది గనుక. పేరు తుడిచిపెట్టుకుపోయినా ఆ గడిని బట్టి ఈ పుస్తకం ఒక ఆడమనిషి సొంత సొమ్మని తెలుస్తుంది. ఆ కాలపు స్త్రీలు ఏం చదివారో చెప్పే ఆధారాలు తక్కువగా ఉన్నచోట ఈ చిన్న ఆకారం ఎంతో పనికొస్తుంది. బిషప్‌కు ప్రత్యేకమైన టోపీ, ప్రభువుకు హోదాను బట్టి ముత్యాలో ఆకులో మారే కిరీటం.

డాలు చుట్టూ ఉన్న చట్రం కాలాన్ని చెబుతుంది. 1700 ప్రాంతాల్లో బరువైన, రెండు వైపులా సమానంగా ఉండే చట్రాలు వచ్చాయి. 18వ శతాబ్దం నడిమిలో గవ్వల్లాగా, నురగలాగా వంపులు తిరిగి ఒక పక్కకు ఒరిగిన చట్రాలు రాజ్యమేలాయి. కుర్చీలు బల్లలు చేసిన ప్రసిద్ధ వడ్రంగి చిపెన్‌డేల్ పేరే వాటికీ పెట్టారు. శతాబ్దం చివరకు రిబ్బన్లు, పూలదండలు. ఈ తరగతులను పద్ధతిగా విడదీసి పేర్లు పెట్టింది లెస్టర్ వారెన్ అనే కవి, 1880లో తెచ్చిన మార్గదర్శి పుస్తకంలో. అప్పటి నుంచి తేదీ లేని చీటీకి కూడా సుమారు కాలం చెప్పడం సాధ్యమైంది.

రాగిరేకు ఖరీదైనది. తండ్రి పోతే కొడుకు కొత్తది చెక్కించడు, తండ్రి పేరును గీకేసి తన పేరు చెక్కిస్తాడు. కొత్తగా ప్రభువు పదవి వస్తే ఉన్న డాలు మీద కిరీటం ఇరికిస్తారు. పక్క పంక్తుల కంటే లోతుగా, నల్లగా ముద్రపడ్డ ఆ అక్షరాలను భూతద్దంతో చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. వంశచిహ్నం వాడే హక్కు లేకుండానే వాడినవారికీ కొదవలేదు. కొత్తగా డబ్బు చేసిన వ్యాపారి పాత వంశాల పక్కన నిలబడాలని పడిన తపన ఆ చీటీల్లో చదవవచ్చు.

చార్లెస్ డికెన్స్ ఆ వరసలోనే గుర్తొస్తాడు. ఆయన చీటీ మీద పడుకుని ఉన్న సింహం, దాని పంజాలో శిలువ. 12 ఏళ్ల వయసులో, తండ్రి అప్పులకు జైలుపాలైన రోజుల్లో, బూట్ల పాలిష్ కార్ఖానాలో డబ్బాలకు కాగితాలు అంటించిన పిల్లవాడు డికెన్స్. పెద్దయ్యాక తన పుస్తకాలకు సింహం బొమ్మ అంటించుకున్నాడు. దీన్ని డాంబికమనడానికి నాకు మనసొప్పదు. ఆయన 1870లో పోయాక ఆ గ్రంథాలయాన్ని అమ్మినప్పుడు, ఇది డికెన్స్ పుస్తకాల్లోది అని నెల, సంవత్సరంతో సహా ఇంకో చీటీ అంటించారు. అలా అమ్మకపు చీటీ ఆయన సింహానికి సాక్షి సంతకమైంది.

అటువంటి సాక్ష్యానికి విలువ ఉంది కనుకే దొంగ చీటీలూ వచ్చాయి. జార్జ్ వాషింగ్టన్ వంశచిహ్నంతో ఉన్న చీటీని నకలు చేసి, ఆయనతో ఏ సంబంధమూ లేని పుస్తకాల్లో అంటించి అమ్మారు.

బొమ్మలో మనిషి

19వ శతాబ్దం చివరికి డాళ్లు వెనక్కి తగ్గి బొమ్మలు ముందుకొచ్చాయి. పుస్తకం కొనే స్తోమత డాక్టర్లకు, ప్లీడర్లకు, బడిపంతుళ్లకు వచ్చింది; వారికి వంశచిహ్నాలు లేవు. చిత్రకారులకు అది వరమైంది. వాల్టర్ క్రేన్, ఆబ్రీ బియర్డ్‌స్లీ, ఎరిక్ గిల్, ఎం.సి. ఎషర్, రాక్‌వెల్ కెంట్ వీటికి పనిచేశారు.

ఈ దశలో చీటీ యజమాని మనసుకు మరింత దగ్గరైంది. సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు వియన్నా చిత్రకారుడు బెర్టోల్డ్ లోఫ్లర్ 1901లో వేసిన చీటీలో ఈడిపస్ నిలబడి స్ఫింక్స్‌తో మాట్లాడుతుంటాడు. ఈడిపస్ కథ ఆధారంగా ఫ్రాయిడ్ మొదలుపెట్టిన వాదం అప్పటికి ఇంకా లోకానికి కొత్త. పొడుపుకథ విప్పిన వీరుడిలో ఆయన తనను చూసుకున్నాడు. 1917లో ఎరిక్ బ్యూట్నర్ ఐన్‌స్టీన్‌కు వేసిన చీటీలో ఒక మనిషి కొండకొన మీద నిలబడి నక్షత్రాల వైపు చేతులెత్తి ఉంటాడు. యుద్ధం నడుస్తున్న బెర్లిన్‌లో వేసిన బొమ్మ అది. జాక్ లండన్‌ది తోడేలు తల. మిత్రులు ఆయన్ను తోడేలనే పిలిచేవారు, కట్టించుకున్న ఇంటికీ ఆ పేరే పెట్టాడు. నటుడు డేవిడ్ గారిక్ 18వ శతాబ్దంలోనే తన చీటీలో షేక్‌స్పియర్ శిరస్సును పెట్టుకుని, అరువు తెచ్చుకున్న పుస్తకాన్ని తొందరగా చదివితేనే తొందరగా తిరిగివ్వగలమని కింద ఫ్రెంచిలో హితవు రాయించాడు.

బొంబాయిలో పుట్టిన రడ్యార్డ్ కిప్లింగ్ చీటీలో ఏనుగు అంబారీ ఉంది, అందులో కూర్చుని చదువుకుంటున్న మనిషి ఉన్నాడు. గీసింది తండ్రి జాన్ లాక్‌వుడ్ కిప్లింగ్, బొంబాయి జె.జె. కళాశాలలో నేర్పి, తరవాత లాహోర్‌లో కళాశాలనూ మ్యూజియాన్నీ నడిపిన కళాకారుడు. కొడుకు ఇంగ్లండ్‌లో స్థిరపడి పుస్తకం తెరచిన ప్రతిసారీ ఆ ఏనుగు ఎదురొస్తుంది.

ఒకటి మాత్రం జాగ్రత్త పడాలి. చీటీ ఉన్నంత మాత్రాన పుస్తకం చదివారని కాదు. పుటలు కోయని పుస్తకాల్లో కూడా అందమైన చీటీలు దొరుకుతాయి. చదివిన జాడ కావాలంటే మార్జిన్లు చూడాలి.

కాగితం కింద కాగితం

పాత పుస్తకం లోపలి అట్టను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే చీటీ కింద ఇంకో చీటీ అంచు గీతలా లేచి కనబడుతుంది. కొత్త యజమాని పాతదాన్ని పీకే ఓపిక లేక దానిమీదే తనది అంటించాడన్నమాట. మైదా పిండి లాంటి పిండిజిగురైతే తడి తగిలించి మెల్లగా విడదీయవచ్చు. జంతు జిగురైతే ముదురు గోధుమరంగు మరక మిగులుతుంది. పాత కాగితంలో ఆమ్లం ఉంటే, ఎదుటి పుట మీద చీటీ ఆకారంలోనే గోధుమరంగు నీడ పడుతుంది. చీటీని ఎవరో దొంగిలించినా నీడ ఉండిపోతుంది. దాని కొలత తీసుకుని, ఏ యజమాని చీటీ సరిగ్గా ఆ కొలతలో ఉందో వెదికి పట్టుకున్న పరిశోధకులున్నారు.

చీటీల మీద మోజు చీటీలకే చేటు తెచ్చింది. 1891లో లండన్‌లో ఎక్స్‌లిబ్రిస్ సొసైటీ, అదే సంవత్సరం బెర్లిన్‌లో జర్మన్ సంఘం పుట్టాయి. ఆ ఉత్సాహంలో ఎంతోమంది పుస్తకాల నుంచి చీటీలను ఊడదీసి ఆల్బమ్‌లకు ఎక్కించారు. బ్రిటిష్ మ్యూజియం అధికారి అగస్టస్ ఫ్రాంక్స్ 1897లో మరణించినప్పుడు మ్యూజియానికి వదిలిన చీటీలు సుమారు 35,000. నేటికీ అదే పెద్ద ఆధారం, దాని జాబితా మూడు సంపుటాలు. ఆ సేకరణ లేకపోతే ఈ విద్యే లేదు, నిజమే. కాని ఊడదీసిన ప్రతి చీటీ వెనక ఎవరిదో తెలియని పుస్తకం ఒకటి మిగిలిపోయింది. ఫలానా మనిషి ఈ చీటీ వేయించుకున్నాడని తెలుస్తుంది, దాన్ని దేంట్లో అంటించాడో తెలియదు. సగం సాక్ష్యం పోయినట్టే. ఇప్పటి గ్రంథాలయాలు చీటీని పుస్తకంలోనే ఉంచి, కేటలాగులో దాని వివరం రాస్తున్నాయి.

20వ శతాబ్దంలో సేకర్తల కోసమే వేసే చీటీలు విడిగా పెరిగాయి. వాటిని పుస్తకంలో అంటించరు, ఒకరితో ఒకరు మార్చుకుంటారు. అంతర్జాతీయ సమాఖ్య రెండేళ్లకోసారి సమావేశమవుతుంది. చీటీ వెనక పెన్సిల్‌తో చిన్న సంకేతం రాస్తారు: సి3 అంటే ఆమ్లంతో కొరికించిన లోహపు రేకు, ఎక్స్2 అంటే గట్టి చెక్క అడ్డకోత మీద చెక్కింది, ఎక్స్3 అంటే లినోలియం. కళగా ఇవి ఎంతో గొప్పగా ఉంటాయి. అయినా పుస్తకం లేని బుక్‌ప్లేట్ ఇల్లు లేని ఇంటి నంబరు పలకలా నాకు తోస్తుంది.

మన వైపు

మొఘల్ గ్రంథాలయంలో కాగితం చీటీలు లేవు, ముద్రలూ చేతిరాతలూ ఉన్నాయి. 1628లో సింహాసనం ఎక్కిన షాజహాన్ తన చేత్తో ఎన్నో గ్రంథాల మీద, ఇది ఈ రోజు నా గ్రంథాలయంలో చేరింది అని రాశాడు. పుస్తకాలను తనిఖీ చేసినప్పుడల్లా అధికారులు తేదీ, ముద్ర వేసేవారు. కొన్నింటి మీద వెల కూడా ఉంటుంది.

టిప్పు సుల్తాన్ పుస్తకాల కథలో కడప ఉంది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఆంగ్లేయులకు చిక్కిన సుమారు 2,000 గ్రంథాలకు చార్లెస్ స్టివార్ట్ 1809లో జాబితా అచ్చు వేశాడు. వాటిలో టిప్పు గాని అతని తండ్రి హైదర్ అలీ గాని కొన్నవి చాలా తక్కువనీ, ఎక్కువ భాగం సవనూరు, కడప, కర్ణాటక నవాబుల ఇళ్ల నుంచి కొల్లగొట్టి తెచ్చినవనీ అందులో రాశాడు. టిప్పు వాటిలో చాలావాటికి కొత్తగా అట్టలు కట్టించాడు. అట్ట నడుమ బంగారు పతకంలో దేవుడి పేరు, ప్రవక్త, ఆయన కూతురు, ఆమె కొడుకుల పేర్లు. నాలుగు మూలలా నలుగురు ఖలీఫాల పేర్లు. పైన, దేవుడిచ్చిన ప్రభుత్వం అని తన రాజ్యం పేరు. ఆ పుస్తకాలే తరవాత కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీకీ, లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ గ్రంథాలయానికీ చేరి ఇంకో ముద్ర వేయించుకున్నాయి. కడప నవాబు పేరు లోపల ఎక్కడో పాత ముద్రలో ఉండవచ్చు, మైసూరు అట్ట పైన, కంపెనీ ముద్ర ఇంకా పైన. దక్కనులో 18వ శతాబ్దమంతా ఎవరు ఎవరిని గెలిచారో ఆ మూడు పొరలే చెబుతాయి.

తెలుగు తాళపత్రాల్లో ఆ పని లేఖకుడు చేసేవాడు. చివరి కమ్మ మీద సంవత్సరం పేరు, మాసం, తిథి, వారం, తాను ఎవరో, ఎవరి కోసం రాశాడో గంటంతో గీసి, తప్పులుంటే మన్నించమని అడిగేవాడు. నూనె తగలనివ్వకు, తడవనివ్వకు, కట్టు వదులు కానివ్వకు, మూర్ఖుడి చేతిలో పెట్టకు అని పుస్తకమే వేడుకున్నట్టుండే సంస్కృత శ్లోకాన్నీ చాలామంది చేర్చేవారు. పరాయి చేతికి వెళ్లిన పుస్తకం తిరిగి రాదన్న మాట మన ఇళ్లలో సామెతగా నిలిచిపోయింది కూడా.

మన కావ్యాల్లో ఇంతకంటే గట్టి పద్ధతి ఒకటుంది. కావ్యాన్ని అంకితం పుచ్చుకున్న కృతిభర్త పేరు పుస్తకంలోనే, పద్యంలోనే ఉంటుంది. ప్రతి ఆశ్వాసం మొదటా చివరా కవి అతణ్ణి పిలుస్తాడు. చీటీని తడిపి ఊడదీయవచ్చు, పద్యంలోంచి సంబోధనను ఊడదీస్తే ఛందస్సే కూలుతుంది. శృంగార నైషధాన్ని శ్రీనాథుడు మామిడి సింగనకు అంకితమిచ్చాడు. ఆరు వందల ఏళ్లుగా ఆ కావ్యం ఏ ప్రతిలో ఉన్నా, ఎవరి ఇంట్లో ఉన్నా సింగన అందులో ఉన్నాడు. ఐరోపా ప్రభువులెవరూ తమ పుస్తకాల్లో ఇంత లోతుగా పేరు వేయించుకోలేదు.

అచ్చు కాలంలో ఇక్కడ బొమ్మల చీటీ కంటే రబ్బరు స్టాంపే ఎక్కువ చలామణీ అయింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వచ్చాయి. గ్రంథాలయోద్యమం ఊరూరా పాకింది. ఊదారంగు సిరాతో గుండ్రని స్టాంపు, లోపల వరస సంఖ్య. ముఖపత్రం చిరిగినా ఆచూకీ దొరకడానికి లోపల ఒక నిర్ణీత పుట మీద ఇంకో స్టాంపు. బడుల్లో బహుమతి పుస్తకాలకు అంటించే అచ్చు చీటీ కూడా బుక్‌ప్లేటు జాతిదే: తరగతి, సబ్జెక్టు, సంవత్సరం, ప్రధానోపాధ్యాయుడి సంతకం. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తే ఇవే చేతికొస్తాయి. పెళ్లికానుకగా రాసిచ్చిన వాక్యం, ఉద్యోగం మారినప్పుడల్లా కొట్టేసి కొత్తగా రాసుకున్న ఊరి పేరు, తండ్రి సంతకం కింద కూతురి సంతకం. ఇళ్లలో పెద్దలు పోయాక గ్రంథాలయాలకు చేరుతున్న పుస్తకాల్లో ఇలాంటి తొలి పుటలు వేలకొద్దీ ఉన్నాయి. అట్ట మార్చేటప్పుడు బైండరు ముందుగా పారేసేది ఆ పుటనే. ఆ ఒక్క కాగితాన్ని లోపల కుట్టమని చెప్పడానికి ఖర్చేమీ లేదు.

చిరునామాగా మారిన చీటీ

రెండో ప్రపంచయుద్ధంలో నాజీలు ఐరోపా అంతటా యూదుల ఇళ్లనూ, బడులనూ, ప్రార్థనామందిరాలనూ, గ్రంథాలయాలనూ కొల్లగొట్టి లక్షల పుస్తకాలు జర్మనీకి తరలించారు. యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం వాటిని ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఆఫెన్‌బాఖ్‌లో ఒక పెద్ద ఫ్యాక్టరీ భవనంలోకి చేర్చింది. 1946 మార్చిలో అక్కడ పని మొదలైంది, మొదటి అధికారి సేమర్ పొమ్రెన్జ్. మొత్తం మీద 30 లక్షలకు పైగా పుస్తకాలు, వస్తువులు ఆ భవనం గుండా వెళ్లాయి.

ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది? పుస్తకం లోపలున్న చీటీ, స్టాంపు తప్ప వేరే ఆధారం లేదు. పొమ్రెన్జ్ తరవాత వచ్చిన ఐజాక్ బెన్‌కోవిట్జ్ రసాయన శాస్త్రవేత్త. ఆయన స్టాంపులనూ చీటీలనూ ఫోటోలు తీయించి, దేశాలవారీగా విడదీశాడు. అక్కడ పనిచేసే జర్మన్లలో చాలామందికి హీబ్రూ రాదు. అయినా ఒక్కో పనివాడికి కొన్ని గుర్తులను అప్పగిస్తే, చదవడం రాకపోయినా ఆకారాన్ని బట్టి పోల్చి పుస్తకాన్ని సరైన పెట్టెలో వేసేవాడు. ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన రోజెంతాలియానా గ్రంథాలయం అలా ఇల్లు చేరింది. విల్నా నగరపు యివో అనే యూదు పరిశోధన సంస్థ పుస్తకాలు, సంస్థ తరలిపోయిన న్యూయార్క్‌కు 1947లో వెళ్లాయి. ఆ ఫోటోల ఆల్బమ్‌లు ఇప్పుడు అమెరికా జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. వాటిలో డాళ్లు, దీపాలు, సింహాలు, చెట్లు, చదువుకుంటున్న మనుషులు వరసగా కనిపిస్తారు. ఎవరో ఒక సాయంత్రం తన గదిలో ముచ్చటపడి ఎంచుకున్న బొమ్మలవి. బెర్లిన్ నగర గ్రంథాలయం వంటి సంస్థలు తమ అరల్లో మిగిలిన దోపిడీ పుస్తకాలను ఇలాంటి చీటీల ఆధారంగానే వెదికి, వారసుల చేతికి ఇప్పటికీ అందిస్తున్నాయి.

చీటీ ఉన్నా తీసుకునేందుకు మనిషే మిగలని పుస్తకాలు లక్షల్లో తేలాయి. వాటి బాధ్యత యూదు సాంస్కృతిక పునర్నిర్మాణ సంస్థ తీసుకుంది. కార్యనిర్వాహక కార్యదర్శిగా తత్త్వవేత్త హన్నా ఆరెంట్ పనిచేసింది. 1949 తరవాత 4 లక్షలకు పైగా పుస్తకాలను జెరూసలేంకూ, అమెరికాకూ, ఇతర దేశాల గ్రంథాలయాలకూ పంచారు. పంచేముందు ఆ సంస్థ ఒక కొత్త బుక్‌ప్లేట్ అచ్చు వేయించి, తీసుకునే గ్రంథాలయాలు దాన్ని ప్రతి పుస్తకంలోనూ అంటించాలని కోరింది. అందులో ఏ మనిషి పేరూ లేదు, సంస్థ పేరే ఉంది. ఆ పుస్తకాల్లో కొన్నింటి లోపలి అట్ట మీద ఇప్పటికీ పాత చీటీ ఉంది, బెర్లిన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉన్న ఒక డాక్టరు పేరుతో. ఎదుటి పుట మీద సంస్థ చీటీ ఉంది.